రెండు ఫోన్లు, ఒకే తాళం



పోయిన జుమా రోజు తునిలో మా అమ్మీ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంటే, మెడలో కార్డు వేసుకున్న ఒక కుర్రాడు వచ్చాడు. చేతిలో రంగు కాగితాలు. "సార్, ఇంటి ఫోను, మొబైలు, నెట్టు, టీవీ అన్నీ కలిపి ఒకే బిల్లు. ఇప్పుడు కస్టమర్లందరూ ఇదే అడుగుతున్నారండి" అన్నాడు.

"అందరూ అంటే ఎవరు బాబూ?" అన్నాను.

పాపం, వాడికి ఆ సవాల్ కొత్త. నవ్వి ఊరుకున్నాడు. ఎండలో తిరుగుతున్నాడు కదా అని అమ్మీ లోపల్నుంచి షర్బత్ పంపింది. తాగేసి కాగితం ఒకటి అరుగు మీద పెట్టి పక్కింటికి వెళ్లిపోయాడు. వాడి మీద నాకు ఏ షికాయత్ లేదు. నా షికాయత్ ఆ కాగితం మీద, ఆ "అందరూ" అనే మాట మీద. ఆ కాగితాన్ని నమ్మి ఒకసారి సంతకం పెట్టినవాణ్ని కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

కిస్సా చెబుతాను, వినండి.

అబ్బాజాన్ ఇంతెఖాల్ అయ్యాక అమ్మీ తునిలోనే ఉండిపోయింది. నేను రాజమండ్రిలో, తమ్ముడు షార్జాలో. ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ ఉండేది. 08854 తర్వాత వచ్చే ఆ నంబరు మా బిరాదరీలో అందరికీ నోటికి వచ్చు. పెళ్లి కబుర్లు, చావు కబుర్లు, రిజల్టులు, అన్నీ దాని మీదే వచ్చాయి. "ఈ రోజుల్లో ల్యాండ్‌లైన్ ఎందుకు అమ్మీ, ఫిజూల్ ఖర్చు" అని నేనే తీయించేశాను. దాని బదులు ఒక కంపెనీ దగ్గర కలిపిన ప్లాన్ తీసుకున్నాను. ఇంటికి ఫైబర్, దానికే ఒక ఫోను, అమ్మీకి ఒక మొబైలు, నాకొకటి. అన్నీ నా పేరు మీదే. ప్రతి నెలా నా కార్డు నుంచి డబ్బు దానంతటదే కట్ అవుతుంది. కంపెనీ పేరు చెప్పను. పేరు చెబితే మీరు ఆ ఒక్క కంపెనీని తిట్టి ఊరుకుంటారు.

రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత నా కార్డు గడువు అయిపోయింది. కొత్త కార్డు వచ్చింది గానీ దాన్ని ఆ బిల్లుకు ఎక్కించడం మరిచిపోయాను. కంపెనీ నుంచి మెసేజీలు వచ్చాయట. రోజుకు నలభై మెసేజీలు వచ్చే ఫోన్లో వాటిని ఎవరు చూస్తారు? గల్తీ నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ గల్తీకి సజా పడింది ఎవరికో చూడండి.

ఒక రాత్రి అమ్మీకి షుగర్ పడిపోయింది. మాత్ర వేసుకుని, ఆకలి లేదని భోజనం మానేసింది. పదకొండు దాటాక చేతులు వణుకు, ఒళ్లంతా చెమట. మొబైల్ తీసి నాకు చేసింది. మీ సేవలు నిలిపివేయబడ్డాయి అని ఒక ఆడగొంతు. సరే అని గోడ పట్టుకుని వెళ్లి ఇంటి ఫోను ఎత్తింది. అందులో ఆ గొంతు కూడా లేదు. రెండూ ఒకే బిల్లు కదా. రెండూ ఒకే రోజు పోయాయి. చీకట్లో తడుముకుంటూ వంటింట్లోకి వెళ్లి డబ్బాలో చక్కెర గుప్పెడు నోట్లో వేసుకుంది. వాకిలి తలుపు తీసుకుని గుమ్మంలోనే కూర్చుంది, పడిపోతే ఎవరికైనా కనబడాలని. ఫజర్ అజాన్ దాకా అలాగే. తెల్లారి పాలు పోయడానికి వచ్చిన ఆయన చూసి, "ఏంటి మామ్మగారండీ, ఇక్కడ కూర్చున్నారు?" అని తన ఫోన్ నుంచి నాకు చేశాడు.

అల్లాహ్ షుకర్, ఏమీ కాలేదు. మొదటి రైలు పట్టుకుని వచ్చాను. నన్ను తిడుతుందని అనుకున్నాను. తిట్టలేదు. టీ గ్లాసు చేతికిచ్చి ఒక్క మాట అంది. "రెండు ఫోన్లు ఇచ్చావు బేటా. రెండింటికీ ఒకే తాళం వేశావు."

ఆ మాట దగ్గరే ఈ వ్యాసం మొదలైంది.

అయితే ఒకటి. ఇంటి ఫోనూ మొబైలూ కలిపి కావాలనే కోరిక జనంలో లేదని నేను అనడం లేదు. ఉంది. మన ఇళ్లలో ఇంకా ఎక్కువ ఉంది. మీ ఇంటి హిసాబ్ మీరే వేసుకోండి. మామూలు ఇంట్లో నాలుగు మొబైళ్లు అనుకుందాం. ఒక్కో రీచార్జి 28 రోజులు. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జులు పడతాయి. నాలుగు ఫోన్లకు 52. అంటే వారానికొకటి! మన హిజ్రీ నెల కూడా 29 రోజులకు తగ్గదు. ఫోన్ కంపెనీల చాంద్ మాత్రం 28వ రోజే కనబడుతుంది. ఈ పదమూడో నెల గురించి జనం గోల పెట్టగా పెట్టగా 2022 జనవరిలో ట్రాయ్ ఒక హుకుం ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల గడువుతో కనీసం ఒక ప్లాన్, ప్రతి నెలా అదే తేదీకి రీచార్జి చేసుకునేలా ఇంకో ప్లాన్ పెట్టాలని. పెట్టారు. కానీ మన బజారులో రీచార్జి కొట్టుకు వెళ్లి అడిగి చూడండి. కొట్టువాడి వేలు ముందు 28 మీదికే వెళుతుంది.

ఈ 52 రీచార్జుల మీద ఇంటి నెట్ బిల్లు వేరు, టీవీ వేరు. కాబట్టి "అన్నీ కలిపి ఒకచోట కట్టేస్తే బాగుణ్ణు" అని మన ఆడవాళ్లు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఇంటి బజెట్ రాసేది వాళ్లు. రూపాయి ఎక్కడ జారిపోతోందో వాళ్లకు తెలుసు.

ఈ ముల్కులో కలిపి ఇవ్వడం కొత్త సంగతి కూడా కాదు. మన రాష్ట్రమే ఒక నమూనా చూపించింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. నెలకు 149 రూపాయలకు నెట్టు, టీవీ, ఇంటి ఫోను, మూడూ ఒకే తీగ మీద. ఆ తీగను కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లకు లాగారు, ఇంటిదాకా తెచ్చే పని లోకల్ కేబుల్ ఆపరేటర్లకు ఇచ్చారు. ఆ రోజుల్లో కేబుల్ కుర్రాడి వెంటపడి "మాకెప్పుడు వేస్తావ్?" అని అడగని ఇల్లు లేదు మా మొహల్లాలో. ఆ 149 నిలబడిందా లేదా, సర్వీసు ఎలా నడిచింది అన్నది వేరే బహస్. ఒక్కటి మాత్రం రుజువైంది. హిసాబ్‌లో నిలబడే ధరకు కలిపి ఇస్తే మన జనం తీసుకుంటారు. అయితే అందులో మొబైల్ లేదు. ఇంట్లో నలుగురి జేబుల్లో ఉన్న ఫోన్లు బయటే ఉండిపోయాయి.

మొబైల్‌ను కూడా ఇంటితో కలిపే పని ప్రైవేటు కంపెనీలు తీసుకున్నాయి. 2019 సెప్టెంబర్ 5న జియో ఫైబర్ వచ్చింది. ఇంటి నంబరుకు వచ్చే ఫోన్‌ను మొబైల్లో యాప్ ద్వారా ఎత్తుకునే వీలు తెచ్చింది. 2021 జులైలో ఎయిర్‌టెల్ బ్లాక్ వచ్చింది. ఫైబర్, డీటీహెచ్, మొబైల్, వీటిలో రెండో మూడో కలిపి ఒకే బిల్లు, ఒకే కస్టమర్ కేర్ నంబరు. చూడటానికి మంచి తర్కీబే. కానీ ఇక్కడే అసలు సంగతి ఉంది. ఒకే బిల్లు ప్లాన్లు, ఫ్యామిలీ ప్లాన్లు చాలావరకు పోస్ట్‌పెయిడ్ మీద కట్టినవి. మన దేశంలో పదిమందిలో సుమారు తొమ్మిది మంది ప్రీపెయిడ్ వాళ్లు. అంటే "అందరూ అడుగుతున్నారు" అని చెప్పే వస్తువు పదిలో ఒక్కడి కొలతలకు కుట్టిన షేర్వానీ. మిగతా తొమ్మిది మందిని కూడా అందులో దూరమంటున్నారు.

ప్రీపెయిడ్ అంటే పేదరికం అని కొందరు అనుకుంటారు. నేను అలా అనుకోను. ప్రీపెయిడ్ అంటే కబ్జా మన చేతిలో ఉండటం. చేతిలో డబ్బు ఉన్నప్పుడు వేస్తాం, లేనప్పుడు ఆగుతాం. తునిలో మామిడిపళ్ల సీజన్లో చేతిలో నాలుగు రూపాయలు ఆడే ఇళ్లు ఉన్నాయి. సీజన్ పోయాక ఆ ఇళ్లలోనే రూపాయి రూపాయికీ లెక్క. మెకానిక్కులు, టైలర్లు, పళ్ల బళ్లవాళ్లు, ఆటోవాళ్లు, మన జమాత్‌లో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. వీళ్లకు ఒకటో తారీఖు జీతం లేదు. ఒకటో తారీఖు బిల్లు మాత్రం ఎందుకు? బిల్లు అంటే కర్జ్. కర్జ్ అంటే మనవాళ్లకు భయం. ఆ భయం మంచిదే అంటాను.

ప్రీపెయిడ్ మీద కలపడం కుదరదని ఎవరైనా చెబితే నమ్మకండి. డీటీహెచ్ మొదటి నుంచీ ముందు డబ్బు కట్టి చూసేదే. ఇంటి ఫైబర్‌ను కూడా ముందే కట్టి వాడుకునే ప్లాన్లు ఉన్నాయి. మొబైల్ ఎలాగూ ప్రీపెయిడే. మూడూ విడివిడిగా ప్రీపెయిడ్ అయితే, మూడూ కలిపిన ప్రీపెయిడ్ ఏ ఆస్మాన్ నుంచి దిగి రావాలి? నాకు తోచిన జవాబు ఒకటే. బిల్లు మీద ఉన్నవాడు కదలడు. రీచార్జి మీద ఉన్నవాడు రేపే ఇంకో కంపెనీకి పోతాడు.

కదలకుండా కట్టేసే తాడు ఇంకోటి ఉంది. మొబైల్ నంబరును కంపెనీ నుంచి కంపెనీకి పట్టుకుపోయే హక్కు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా వచ్చింది. మంచి హక్కు. కానీ పోస్ట్‌పెయిడ్‌లో బకాయి ఉంటే పోర్ట్ కోడ్ ఇవ్వరు. ఇక ల్యాండ్‌లైన్ నంబరుకైతే ఆ హక్కే లేదు. నేను అమ్మీ పాత నంబరు తీయించేసిన రోజే అది పోయింది. ఇంకో కంపెనీకి మార్చుకుందామంటే దారి లేదు. ముప్పై ఏళ్ల నంబరు! అబ్బాజాన్ డైరీలో మొదటి పేజీలో ఆయన చేత్తో రాసుకున్న నంబరు. ఇప్పటికీ దూరపు చుట్టాలు ఆ నంబరుకు చేసి, "మీ అమ్మగారు లేరా బాబూ?" అని నన్ను అడుగుతారు. "లేరా" అనే మాట వినగానే ప్రతిసారీ గుండె ఒక్కసారి ఆగుతుంది.

"ఈ కాలంలో ఇంటి ఫోను ఎవరిక్కావాలి మామూ? వైఫై ఉంటే చాలు" అని మా మేనల్లుడు నవ్వుతాడు. వాడి వయసులో నేనూ అలాగే అన్నాను. వాడికి నా జవాబు రెండు.

ఒకటి. పాత రాగి తీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, 48 వోల్టులు, అక్కడి బ్యాటరీల నుంచి. ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. ఫైబర్ ఫోనుకు ఇంట్లో డబ్బా వెలుగుతూ ఉండాలి. కరెంటు పోతే డబ్బా పోతుంది, డబ్బా పోతే ఫోను పోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు మొబైల్ టవర్లు ఎలా మూగబోయాయో మనకు తెలుసు. మనకు వంద కిలోమీటర్ల దూరంలోనే జరిగింది. విశాఖలో చుట్టాలు ఉన్నవాళ్లు ఖైరియత్ తెలియక ఎలా కొట్టుకుపోయారో గుర్తుందా? 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. అంటే గాలి వల్లా పోతుంది, హుకుం వల్లా పోతుంది. ఇంటికి రెండు దారులు ఉండాలన్నది పాత మనుషుల చాదస్తం కాదు.

బ్రిటన్‌లో కూడా ఇదే సవాల్ వచ్చింది. అక్కడ పాత రాగి ఫోన్లన్నీ 2025 చివరికల్లా ఆపేసి ఇంటర్నెట్ మీదికి మార్చేద్దామనుకున్నారు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు మెడలో వేసుకునే అలారం బిళ్లలు ఆ పాత లైన్ల మీదే పనిచేసేవి. లైన్లు మారినప్పుడు కొన్ని అలారాలు పనిచేయలేదు. గోల జరిగింది. 2023 డిసెంబర్లో బలవంతపు మార్పిళ్లు ఆపారు, గడువును 2027 జనవరికి జరిపారు. అంత డబ్బున్న ముల్కే ముసలివాళ్ల కోసం ఆగి ఆలోచించింది. మన దగ్గర ఆగి ఆలోచించాల్సిన నేను, అమ్మీ చేతిలోంచి పాత ఫోను లాక్కుని మురిసిపోయాను.

రెండు. పరదేశంలో ఉన్నవాళ్ల సంగతి. తుని నుంచి, తూర్పు పశ్చిమ గోదావరి ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఎంతమందో నేను చెప్పక్కర్లేదు. యూఏఈలో వాట్సాప్ మాట కాల్స్ సాగవు. అక్కడి సర్కారు ఒప్పుకున్న యాప్‌లే వాడాలి. మా తమ్ముడు షార్జా నుంచి కొత్త యాప్ పేరు చెప్పినప్పుడల్లా అమ్మీ ఎవరో ఒక పక్కింటి పిల్లాణ్ని పిలిపించి ఎక్కించుకోవాలి. రెండు నెలలకు అది మళ్లీ ఏదో అడుగుతుంది. ఆమెకు కావాల్సింది చాలా సాదా. ఇంటి నంబరు మోగాలి, ఎత్తాలి, "క్యా బేటా, ఖానా ఖాయా?" అని అడగాలి. ఆ ఒక్క మాట కోసం యాప్‌లు, పాస్‌వర్డులు, ఓటీపీలు ఎందుకు?

పాత సర్కారీ ఫోను గురించి నేను ఖసీదా చదవడం లేదు. లైన్‌మన్ కోసం వారాలు ఎదురుచూసిన రోజులు మరిచిపోలేదు. వాన పడితే తీగలో గరగర. 2020 జనవరి ఆఖరున బీఎస్ఎన్ఎల్ నుంచి 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ తీసుకుని వెళ్లిపోయాక రిపేరుకు మనిషి దొరకడం ఇంకా కష్టమైంది. 2015 మే 1 నుంచి రాత్రి 9 నుంచి పొద్దున 7 దాకా ల్యాండ్‌లైన్ నుంచి దేశమంతటా ఉచితం అన్నప్పుడు మా ఇంట్లో ఈద్ లాగే ఉండేది. అమ్మీ ఇషా తర్వాత ఫోను ముందు కూర్చుని అక్కచెల్లెళ్లందరినీ పలకరించేది. ఆ తీపి ఉంది, ఆ చేదూ ఉంది. పాతదాన్ని తిరిగి తెమ్మని అడగడం లేదు. కొత్తదాన్ని సరిగా కుట్టమంటున్నాను.

జనం అడిగితే దొరుకుతుంది అనడానికి సబూత్ కూడా ఉంది. మాట్లాడటానికి తప్ప దేనికీ ఫోను వాడని ముసలివాళ్లకు, బటన్ ఫోన్లవాళ్లకు కూడా డేటాతో కలిపి అంటగట్టేవారు. అమ్మీ రోజుకు ఒకటిన్నర జీబీ ఏం చేసుకుంటుంది, అచార్ పెట్టుకుంటుందా? ఈ ఫిర్యాదు పైదాకా వెళ్లింది. 2024 డిసెంబర్ 23న ట్రాయ్ నిబంధనలు మార్చి, మాటలకు, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే అయ్యే ప్లాన్లు తప్పనిసరి చేసింది, గడువు 365 రోజుల దాకా ఉండొచ్చని చెప్పింది. 2025 జనవరిలో కంపెనీలు 84 రోజులకు, దాదాపు ఏడాదికి అలాంటి ప్లాన్లు పెట్టాయి. 2024 జులైలో రేట్లు పెంచినప్పుడు ఎవరినీ అడగని కంపెనీలే ఇవి. అయినా పెట్టక తప్పలేదు. మార్కెట్ ఇచ్చిందే జనం అడిగింది అనుకోవడం ఎంత తప్పో దీంతో తెలియడం లేదా? దుకాణంలో బిర్యానీ, పులావ్ రెండే పెట్టి, "మా ఊళ్లో ఎవరూ పెరుగన్నం అడగరండి" అన్నట్టుంటుంది ఆ మాట.

ఇక కలిపి కొన్నవాళ్లు చివరికి ఏం పొందుతారో చూడాలంటే స్పెయిన్ వైపు చూడండి. అక్కడ మోవిస్టార్ అనే పెద్ద కంపెనీ 2012 అక్టోబర్‌లో ఫ్యూజియోన్ అనే ప్లాన్ తెచ్చింది. ఇంటి ఫోను, నెట్టు, మొబైల్ ఒకే ధరకు. జనం విరగబడ్డారు. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. తర్వాతి ఏళ్లలో అదే ప్లాన్ ధర మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. అన్నీ ఒకచోట పెట్టుకున్న ఇల్లు ధర పెరిగినప్పుడు ఒక్క వస్తువు మానేయలేదు. మానేస్తే అన్నీ మానేయాలి. సస్తాగా ఉందని లోపలికి వెళ్లినవాడు బయటికొచ్చే దర్వాజా ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

కంపెనీలను ఇంతసేపు అన్నాను. ఇప్పుడు మనల్ని మనం అనుకుందాం. ఇది కొంతమందికి బురా లగొచ్చు.

మన ఇళ్లలో సిమ్‌లు ఎవరి పేరు మీద ఉన్నాయి? ఒక మనిషి పేరు మీద తొమ్మిది దాకా సిమ్‌లు ఉండొచ్చని రూలు. మనవాళ్లు ఆ తొమ్మిదీ తీసుకునేలా ఉన్నారు. బీవీ సిమ్ షౌహర్ పేరు మీద, అమ్మ సిమ్ కొడుకు పేరు మీద, బేటీ సిమ్ అన్న పేరు మీద. ఇప్పుడు నంబరంటే మాట్లాడే సాధనం మాత్రమే కాదు. బ్యాంకు ఓటీపీ దాని మీదే, ఆధార్ దాని మీదే, పిల్లల చదువు పథకం డబ్బు పడిందన్న మెసేజీ దాని మీదే. 2025 జనవరి నుంచి మన మిత్ర అని రాష్ట్ర సర్కారు సేవలు కూడా వాట్సాప్‌లోకి వచ్చేశాయి. ఆ నంబరు వేరేవాళ్ల పేరు మీద ఉన్న ఆడమనిషికి తన ఇంటి తాళం చెవి వేరేవాళ్ల జేబులో ఉన్నట్టే. తలాక్ అయినా, మియా పోయినా, అన్నదమ్ముల మధ్య జాయ్‌దాద్ తగాదా వచ్చినా, మొదట తెగేది ఆ నంబరే. కలిపిన ప్లాన్ ఈ పాత జబ్బుకు కొత్త రెక్కలు ఇస్తోంది. ఒకే బిల్లు, ఒకే పేరు. ఆ పేరు దాదాపు ఎప్పుడూ మగవాడిదే.

నేను చేసిందీ అదే. ఆ రాత్రి అమ్మీ ఫోను ఆగింది ఆమె డబ్బు కట్టక కాదు. ఆమె దగ్గర పింఛను డబ్బు ఉంది. అడిగితే కట్టేది. ఆమెను ఎవరూ అడగలేదు, చెప్పలేదు. మెసేజీలు వచ్చింది నాకు. ఫోను ఆగింది ఆమెకు. బయటికి కాల్స్ ఆపేసిన ఫోన్ నుంచి కూడా 112కు కాల్ వెళ్లాలన్నది రూలు. ఆ సంగతీ ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఫోను కొనిపెట్టడం ఫర్జ్ అనుకున్నాను గానీ ఈ నాలుగు ముక్కలు చెప్పడం కూడా అందులో భాగమని అనుకోలేదు.

కాబట్టి నా డిమాండ్ ఏమిటంటే, అందరూ అని కాదు, నా ఒక్కడి పేరు మీదే చెబుతున్నాను. కలిపి ఇవ్వండి, తీసుకుంటాం. కానీ ప్రీపెయిడ్‌గా ఇవ్వండి. ఇంట్లో నలుగురూ ఎవరికి వీలైనంత వాళ్లు వేసే ఒక గోలక్ లాగా ఉండాలి, షార్జాలో ఉన్న తమ్ముడు కూడా అందులో వేయగలగాలి. నెల అంటే నెల. 28 రోజుల చాంద్ వద్దు. ప్లాన్ ఒకటైనా ఒక్కో నంబరు ఒక్కో మనిషి పేరు మీదే ఉండాలి. డబ్బు తక్కువైతే నెట్ ఆపండి, టీవీ ఆపండి. ఇంటి ఫోనూ ముసలివాళ్ల ఫోనూ ఒకే రోజు ఆపకండి. ఆపేముందు ఆ ఫోను వాడే మనిషికి, వాళ్ల జబాన్‌లో, మెసేజీ కాకుండా ఫోను చేసి చెప్పండి. ల్యాండ్‌లైన్ నంబరుకు కూడా పోర్టబిలిటీ ఇవ్వండి. ఇంటి నంబరుకు వచ్చే కాల్ ఏ యాప్ లేకుండా బటన్ ఫోనులో కూడా మోగేలా చేయండి. ఫైబర్ డబ్బాతో పాటు కొన్ని గంటలు నిలిచే బ్యాటరీ ఇవ్వండి. ఇందులో గొంతెమ్మ కోరిక ఒక్కటి ఉంటే చూపించండి.

అవి వచ్చేదాకా మనం చేయగలిగింది మనం చేద్దాం. ఈ ఆదివారం ఇంట్లో ఫోన్లన్నీ దస్తర్‌ఖాన్ మీద పెట్టండి. ఏ నంబరు ఎవరి పేరు మీద ఉందో రాయండి. ఆడవాళ్లు వాడే నంబర్లు వాళ్ల పేరు మీదికి మార్పించండి. ఎంత సస్తాగా వచ్చినా ఇంట్లో ఒక నంబరు మాత్రం వేరే కంపెనీలో ఉంచండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల చేత ఒకసారి 112 నొక్కడం నేర్పించండి. మాట్లాడటానికే ఫోను వాడేవాళ్లకు మాటల ప్లాన్ అడిగి వేయించండి. కొట్టువాడు లేదంటే ఉందని చెప్పండి.

మా ఇంట్లో ఏం చేశామో చెప్పి ముగిస్తాను. అమ్మీ మొబైల్ ఇప్పుడు అమ్మీ పేరు మీద ఉంది, ప్రీపెయిడ్, ఏడాది మాటల ప్లాన్. దాని సంతకానికి ఆమెను కొట్టు దాకా తీసుకెళ్తే, వేలిముద్ర పెట్టి ఆధార్ చూపించి, "ఇన్నేళ్లకు నా పేరు మీద ఒకటి వచ్చింది" అంది. నవ్వుతూనే అంది. ఇంటి ఫోను ఇంకో కంపెనీది. దాని పక్కన గోడ మీద అబ్బాజాన్ డైరీలోంచి చింపిన కాగితం అంటించింది. పైన పాత నంబరు, కొట్టేసి లేదు. దాని కింద కొత్త నంబరు, 112, పాలాయన నంబరు.

ఆ కుర్రాడు వదిలేసి వెళ్లిన రంగు కాగితాన్ని నేను పారేయబోతుంటే అమ్మీ తీసుకుంది. వెనకవైపు ఖాళీగా ఉంది కదా, సామాన్ల చిట్టీ రాసుకోవడానికి పనికొస్తుంది అంది. చక్కెర మొదట రాసింది.

ఖుదా హాఫిజ్.